క్వార్ట్జ్ గట్టుకి సెలవు: మరి ఇప్పుడేం వేయించుకోవాలి?

ఆస్ట్రేలియాలో ఇంజినీర్డ్ స్టోన్ బెంచ్‌టాప్‌లు (వంటింటి గట్లు), పలకలు, స్లాబ్‌లు తయారు చేయడం, అమ్మడం, కోయడం, బిగించడం 2024 జూలై 1 నుంచి నిషేధం. 2025 జనవరి 1 నుంచి దిగుమతి కూడా బంద్. దాన్ని కోసేటప్పుడు లేచే సిలికా ధూళి పనివాళ్ల ఊపిరితిత్తుల్ని పాడుచేస్తోందనే ఇదంతా. మనవాళ్లలో చాలామంది దాన్ని క్వార్ట్జ్ అనో, ఏ కంపెనీ స్లాబ్ వేయించుకుంటే ఆ కంపెనీ పేరుతోనో పిలుస్తారు, అందుకే "మాది ఇంజినీర్డ్ స్టోన్ కాదండీ, క్వార్ట్జ్" అని కూడా రాస్తున్నారు. రెండూ ఒకటే. ఈ గట్టు గొడవ మీద ఉత్తరాలు బాగా పేరుకుపోయాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: మేం 2019లో ఇల్లు కట్టించుకున్నప్పుడు కిచెన్‌లో తెల్ల క్వార్ట్జ్ వేయించాం. ఐలాండ్ కూడా అదే. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు ఏదో వీడియో చూసి, ఇది ఊపిరితిత్తులకు విషమట, పీకించేయండి అని రోజూ పోరు పెడుతున్నారు. మా మూడేళ్ల పాపని ఆ గట్టు మీదే కూర్చోబెట్టి అన్నం తినిపిస్తాను. నిజంగా తీయించేయాలా?
— ఒక పాఠకురాలు, టార్నీట్, మెల్బోర్న్

జవాబు: వద్దమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. పాపని అక్కడే కూర్చోబెట్టండి, పడిపోకుండా మాత్రం చూసుకోండి.

మీ అత్తగారు విన్నది అబద్ధం కాదు, కాకపోతే ఆ ప్రమాదం మీ వంటింట్లో లేదు, రాయి కోసిన షెడ్డులో ఉంది. ఈ స్లాబ్ అంటే క్వార్ట్జ్ పొడిని రెజిన్‌తో, రంగులతో కలిపి గట్టిగా నొక్కి చేసిన పలక. పాత రకాల్లో 90 శాతం పైగా స్ఫటిక సిలికా ఉండేది. అది పలకలో బిగిసి ఉన్నంతకాలం ఎవరినీ ఏమీ చేయదు, మీరు తుడిచినా, కూరగాయలు తరిగినా, వేడి గిన్నె పెట్టినా సిలికా ధూళి లేవదు. దాన్ని గ్రైండర్‌తో కోసినప్పుడు, అంచులు రుద్దినప్పుడు, సింక్ కోసం కన్నం చేసినప్పుడు కంటికి కనిపించనంత సన్నటి ధూళి లేస్తుంది. కిందపడే తెల్ల పొడి కాదు అసలు సమస్య. అందరూ దాన్నే చూసి భయపడతారు గానీ, గాల్లో తేలుతూ కనిపించకుండా ఊపిరితిత్తుల అడుగుకి వెళ్లి కూర్చునేది వేరే, దాన్ని చూడలేం.

కాబట్టి పెట్టి ఉన్న గట్టు తీసేయమని చట్టం కూడా అడగడం లేదు. ఇల్లు అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు. ఇంకోమాట, మీరు భయపడి తీయించేస్తేనే ఇంట్లో దుమ్ము లేచే అవకాశం వస్తుంది! పైగా తీసేవాడు ఎవడో కుర్రాడు మాస్క్ కూడా లేకుండా సుత్తి పట్టుకుని వస్తే ఆ ధూళి మింగేది అతను.

ఎప్పుడైనా కిచెన్ మార్చుకుంటే అప్పుడు చూసుకోండి. అలా తీయించేటప్పుడు కూడా ముక్కలు కొట్టకుండా, కింద సిలికాన్ జాయింట్లు బ్లేడుతో కోసి పలకని పలకలాగే ఎత్తి బయటికి తీసుకెళ్లమనండి. తలుపులోంచి పట్టదు, ఇక్కడే రెండు ముక్కలు చేస్తాం అంటే, నీళ్లు కొడుతూ కోస్తారా, దుమ్ము లాగే మెషిన్ తెస్తారా, రెగ్యులేటర్‌కి, అంటే పని భద్రత చూసే ప్రభుత్వ సంస్థకి, తెలియజేశారా అని అడగండి. పాత ఇంజినీర్డ్ స్టోన్ తీయడం, రిపేర్ చేయడం, చిన్న మార్పులు చేయడం చట్టం ఒప్పుకుంటుంది గానీ ఆ షరతుల మీదే. అంచు కొద్దిగా ఊడిందంటే రుద్దాల్సిన పని లేకుండా రెజిన్ ఫిల్లర్‌తో పూడ్చే మార్గం ఉంటుంది, దానికి పెద్ద హడావుడి అక్కర్లేదు.

ప్రశ్న: కొత్త ఇంటికి బిల్డర్‌తో కలర్ సెలక్షన్ అపాయింట్‌మెంట్ ఉంది. స్టాండర్డ్‌గా లామినేట్ ఇస్తారట, పోర్సిలెన్ కావాలంటే అప్‌గ్రేడ్, "జీరో సిలికా స్టోన్" కావాలంటే ఇంకో రేటు. సేల్స్ అమ్మాయి అన్నీ సేఫే అంటోంది. ఏది నమ్మాలి? సింటర్డ్ అని ఇంకోటి కూడా ఉందట.
— ఒక పాఠకుడు, స్కోఫీల్డ్స్, సిడ్నీ

జవాబు: ఆ అమ్మాయి అన్నీ సేఫే అన్నది మీ విషయంలో నిజమే, మీరు వాడుకోడానికి ఏదైనా సేఫే. కోసేవాళ్ల విషయంలో మాత్రం వీటిలో తేడా ఉంది. అది చెప్పి తర్వాత వాడకం సంగతికి వస్తాను.

చట్టం గీత 1 శాతం దగ్గర గీసింది. రాతి పొడిని రెజిన్ లాంటి వాటితో కలిపి గట్టిపరిచిన పలకలో స్ఫటిక సిలికా బరువులో 1 శాతం గానీ, అంతకుమించి గానీ ఉంటే అది నిషేధం కిందకి వస్తుంది. పోర్సిలెన్, సింటర్డ్ స్టోన్ రెజిన్ లేకుండా బాగా వేడి మీద కాల్చి చేసేవి కాబట్టి నిషేధంలోంచి బయట పెట్టారు. అంటే వాటిలో సిలికా లేదని కాదు! కొంత ఉంటుంది, క్వార్ట్జ్ స్లాబ్ కంటే బాగా తక్కువ. 1 శాతం దాటిన ఏ సరుకునైనా కోసేటప్పుడు పాటించాల్సిన నిబంధనలు 2024 సెప్టెంబర్ 1 నుంచి మరింత కఠినం చేశారు. పోర్సిలెన్‌కీ గ్రానైట్‌కీ కూడా అవి వర్తిస్తాయి. కనుక "నిషేధం లేదు కదా, పొడిగా కోసేద్దాం" అనే ఫ్యాబ్రికేటర్ (రాయి కోసి బిగించేవాడు) దొరికితే అతన్ని వదిలేయండి.

జీరో సిలికా అనేదాంట్లో క్వార్ట్జ్ బదులు ఎక్కువగా రీసైకిల్ చేసిన గాజు పొడి, ఇతర ఖనిజాలు వాడతారు. గాజు కూడా సిలికానే కదా అని మీకు డౌట్ రావచ్చు. అందులోది స్ఫటిక రూపంలో ఉండదు, సిలికోసిస్, అంటే సిలికా ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, తెచ్చేది ముఖ్యంగా స్ఫటిక రూపమే. చూడ్డానికి పాత క్వార్ట్జ్‌కీ దీనికీ తేడా కనిపించదు, ఆ తెల్లదనం, ఆ నరాల డిజైన్ ఇష్టపడేవాళ్లకి ఇదే దగ్గరి చుట్టం. అయితే రెజిన్, రంగులు ఇందులోనూ ఉన్నాయి, కోస్తే దుమ్ము లేస్తుంది, దాన్ని కూడా పీల్చకూడదు. నా మటుకు నాకు బ్రోషర్ మీద "జీరో" అని రాసి ఉంటే సరిపోదు, మీరు ఎంచుకున్న ఆ రంగుకి, ఆ స్లాబ్‌కి స్ఫటిక సిలికా శాతం ఎంతో చూపించే టెస్ట్ రిపోర్టు, సేఫ్టీ డేటా షీట్ బిల్డర్ ద్వారా తెప్పించుకోండి. ఇస్తే మంచిది, నసిగితే వేరేది చూడండి.

ఎవరైనా "ఇది 40 శాతం లోపే, ఫరవాలేదు" అని పాత స్టాక్ అంటగట్టబోతే ఒప్పుకోకండి. 40 శాతం లోపు ఉన్నవాటిని వదిలేయాలా అన్న విషయాన్ని పని భద్రత మీద ప్రభుత్వాలకి సలహా ఇచ్చే సేఫ్ వర్క్ ఆస్ట్రేలియా పరిశీలించింది, తక్కువ సిలికా ఉన్నది సురక్షితం అనడానికి ఆధారం దొరకలేదని తేల్చి, మొత్తాన్నీ నిషేధించమనే చెప్పింది. 2023 డిసెంబర్ 13న కేంద్ర, రాష్ట్ర మంత్రులు ఒప్పుకున్నది కూడా దానికే.

ఇక వాడకం. పోర్సిలెన్, సింటర్డ్ ఈ రెండూ వేడికి, మరకకి, ఎండకి భయపడవు, బయట ఆల్‌ఫ్రెస్కో కిచెన్‌లో కూడా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. బలహీనత అంచుల్లో ఉంది. మనింట్లో కొబ్బరికాయ గట్టు అంచుకేసి ఠపీమని కొట్టే అలవాటు ఒకటి ఉంది చూశారూ, పోర్సిలెన్ మీద అది చేస్తే కాయ పగిలిందో గట్టు పగిలిందో వెతుక్కోవాలి. అంచు పెచ్చు ఊడితే లోపలి రంగు బయటపడుతుంది, చాలా రకాల్లో డిజైన్ పైపొరకే ఉంటుంది, పాలరాయి నరాలు పైన అందంగా పరుచుకుని అంచు దగ్గర ఆగిపోతాయి. సింక్ మూలలు కూడా అంతే, అక్కడ కోత చతురస్రంగా వాడిగా ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది, కొద్దిగా గుండ్రంగా కోయించమని ముందే చెప్పండి. పలచటి పలకని మందంగా కనిపించేలా అంచుల్ని 45 డిగ్రీల కోణంలో కోసి అతికిస్తారు, ఆ అతుకు ఎంత శుభ్రంగా ఉందో డిస్‌ప్లే హోమ్‌లో వేలితో తడిమి చూడండి. సెలక్షన్ సెంటర్లో ఇచ్చే అరచేయంత శాంపిల్‌లో ఇవేవీ తెలియవు.

లామినేట్‌ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు, నాకది నచ్చదు. ఇప్పటి లామినేట్లు అప్పటివి కావు. డబ్బు బిగుతుగా ఉండి, ఈఎమ్ఐ మొదలవబోతుంటే, స్టాండర్డ్ లామినేట్ తీసుకుని ఆ మిగులు మంచి రేంజ్‌హుడ్‌కి (స్టవ్ పైన పొగ లాగే మెషిన్‌కి) పెట్టమంటాను. మన తిరగమోతలకి గట్టు కంటే రేంజ్‌హుడ్ ముఖ్యం. లామినేట్‌తో రెండే జాగ్రత్తలు, స్టవ్ మీంచి దించిన గిన్నె నేరుగా పెట్టకూడదు, సింక్ చుట్టూ నీళ్లు నిలవనివ్వకూడదు. కింద ఉండేది చెక్కపొట్టు బోర్డు, సింక్ కోత దగ్గర నీళ్లు దూరాయంటే ఉబ్బి, పైపొర లేచి, ఇక బాగుపడదు.

ప్రశ్న: మా ఇంట్లో రెండు పూటలా మన వంటే. పసుపు, చింతపండు పులుసు, పచ్చళ్లు, స్టవ్ మీంచి బాణలి దించి గట్టు మీద పెట్టడం, చిన్న రోట్లో అల్లం వెల్లుల్లి దంచడం అన్నీ ఉంటాయి. మావారికి మార్బుల్ మీద మోజు. సిలికా తక్కువట కదా, సేఫ్ అని కూడా వాదిస్తున్నారు. మీరేమంటారు?
— ఒక పాఠకురాలు, స్ప్రింగ్‌ఫీల్డ్, క్వీన్స్‌లాండ్

జవాబు: సిలికా విషయంలో మీవారు చెప్పింది కరెక్ట్. పాలరాయిలో స్ఫటిక సిలికా మామూలుగా 2 శాతం దరిదాపుల్లో ఉంటుంది, గ్రానైట్‌లో 20 నుంచి 45 శాతం దాకా, ఇసుకరాయిలో అయితే 70 దాటుతుంది. సహజ రాయి కాబట్టి ప్రమాదం లేదనుకునేవాళ్లు ఆ ఇసుకరాయి అంకె ఇంకోసారి చూడండి.

కానీ వంట విషయంలో వాదన మీరే గెలుస్తారు. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, పులుపు తగిలితే కరుగుతుంది. చింతపండు రసం గిన్నె అడుగు నుంచి ఒక చుక్క కారి పది నిమిషాలు ఉంటే చాలు, తుడిచాక అక్కడ మెరుపు పోయి గుండ్రటి మచ్చ మిగులుతుంది. అది మరక కాదు, పులుపు రాయినే తినేసింది, అందుకే ఎంత సబ్బు పెట్టి రుద్దినా పోదు. సీలర్ పూస్తే పసుపు ఇంకకుండా కొంత ఆపుతుంది గానీ పులుపు తినడాన్ని ఆపదు, ఈ ముక్క అమ్మేవాళ్లు చెప్పరు. నిమ్మకాయ, పెరుగు, టమాటా, వెనిగర్ అన్నిటిదీ ఇదే కథ. మీవారి మోజు తీరాలంటే దేవుడి గదిలోనో, బాత్రూమ్ వానిటీ మీదో పెట్టించుకోమనండి.

మీ వంటకి నా ఓటు ముదురు రంగు గ్రానైట్‌కి. వేడి బాణలి తట్టుకుంటుంది, పులుపుకి లొంగదు, పసుపు కనిపించదు, రోలు పెట్టి దంచుకోవచ్చు, కాకపోతే కింద క్యాబినెట్ గోడ ఉన్నచోట మాత్రమే, సింక్ పక్కన సన్నటి పట్టీ మీద వద్దు. లేత రంగు గ్రానైట్ అయితే అప్పుడప్పుడూ సీలర్ పూయించాలి. పూయాలా వద్దా తెలుసుకోవాలంటే నాలుగు చుక్కలు నీళ్లు వేసి పావుగంట చూడండి, రాయి ముదురు రంగుకి తిరిగిందంటే పీల్చుకుంటోందని అర్థం. గ్రానైట్‌లో సిలికా ఉంది కాబట్టి కోత మాత్రం వర్క్‌షాపులో, నీళ్లతో, పూర్తిగా అయ్యాకే ఇంటికి రావాలి. "కొంచెం సైట్‌లో అడ్జస్ట్ చేస్తాం" అనే మాట వినిపించిందంటే కొలతలు సరిగ్గా తీయలేదన్నమాట.

స్టవ్ పక్కన మాత్రం ఒక అడుగో రెండడుగులో స్టెయిన్‌లెస్ స్టీల్ వేయించుకుని, మిగతాది లామినేట్ వేసుకున్న ఇళ్లు కూడా బాగుంటాయి. స్టీల్‌కి గీతలు పడతాయి, మొదటి నెలలో ప్రతి గీతకీ ప్రాణం ఉసూరుమంటుంది, తర్వాత గీతల మీద గీతలు పడి ఒకే తీరుగా అయిపోతుంది. సిలికా బెడదే లేదు, హోటల్ వంటిళ్లలో ఊరికే పెట్టరు కదా. అక్రిలిక్ సాలిడ్ సర్ఫేస్ అని ఇంకోటి ఉంది, అక్రిలిక్‌లో అల్యూమినియం ఖనిజపు పొడి కలిపి చేస్తారు, అతుకులు కనిపించవు, గీత పడితే సన్నగా రుద్దితే పోతుంది, కానీ వేడికి ఆగదు. మీరు రాసిన బాణలి అలవాటు చూస్తే మీకు అది పనికిరాదు. చెక్క కూడా అంతే, ఐలాండ్‌కి సరే, సింక్ దగ్గర వద్దు.

ప్రశ్న: అన్నా, నేను మాస్టర్స్ చదువుతూ వీకెండ్స్‌లో, సెలవుల్లో ఒక స్టోన్ షాపులో హెల్పర్‌గా చేస్తున్నాను. నిషేధం ముందు క్వార్ట్జ్, ఇప్పుడు గ్రానైట్, పోర్సిలెన్. పెద్ద మెషిన్‌కి నీళ్లు వస్తాయి గానీ చిన్న చిన్న పాలిషింగ్ చేతి గ్రైండర్‌తో పొడిగానే చేయిస్తారు. మాస్క్ ఇచ్చారు. సాయంత్రం బట్టల మీద దుమ్ము కంప్రెసర్ గాలితో కొట్టుకుని బయల్దేరతాం. ఈమధ్య దగ్గు వస్తోంది. వీసా ఇబ్బంది అవుతుందేమోనని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లకి తెలిస్తే కంగారు పడతారు.
— పేరు వద్దన్న విద్యార్థి, మెల్బోర్న్

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా మెయిల్ పెట్టాం, ఆ విషయాలే నీలాంటి మిగతా కుర్రాళ్ల కోసం ఇక్కడా రాస్తున్నాను.

దగ్గు జలుబు వల్ల కూడా రావచ్చు, అది డాక్టర్ చెప్పాలి, నేను కాదు. ఈ వారమే జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్లు. వెళ్లి ఊరికే దగ్గు అనకు, "స్టోన్ షాపులో పని చేశాను, ఇంజినీర్డ్ స్టోన్ పొడిగా కోసిన చోట ఉన్నాను, ఇన్నాళ్లు" అని ఆ ముక్క మొదట చెప్పు. చెప్పకపోతే యాంటీబయాటిక్ రాసి పంపేస్తారు. సిలికోసిస్ మొదట్లో ఏ లక్షణమూ చూపించకపోవచ్చు, మామూలు ఎక్స్‌రేలో కనిపించకుండా కూడా ఉండొచ్చు, అందుకే సీటీ స్కాన్ అవసరమా అని అడుగు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండి ఉంటే అదీ చెప్పు, సిలికా పీల్చినవాళ్లకి టీబీ ముప్పు ఎక్కువ. సిగరెట్ ఉంటే ఆపెయ్.

నిన్ను భయపెట్టాలని కాదు గానీ ఈ జబ్బుకి నయం చేసే మందు లేదు. మామూలుగా గనుల్లో ఏళ్ల తరబడి చేసినవాళ్లకి ముసలితనంలో వచ్చే జబ్బు, ఈ క్వార్ట్జ్ స్లాబుల పుణ్యమా అని ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లకి పదేళ్ల లోపు పనిలోనే వచ్చింది. 2018కి ముందు నుంచి ఈ పనిలో ఉన్నవాళ్లలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి సిలికా ధూళి జబ్బు ఉందని 2021లో జాతీయ టాస్క్‌ఫోర్స్ రిపోర్టు చెప్పింది. ప్రపంచంలో ఏ దేశమూ చేయని నిషేధం ఆస్ట్రేలియా మొదటగా చేసిందంటే ఆ అంకె చూశాకే.

ఇప్పుడు నీ షాపు సంగతి. చేతి గ్రైండర్‌తో పొడిగా పాలిష్ చేయించడం తప్పు, చిన్న పని అయినా తప్పే. నీళ్లు గానీ, మెషిన్‌కే తగిలించిన దుమ్ము లాగే పరికరం గానీ ఉండాలి, దాంతోపాటు మాస్క్. మాస్క్ ఒక్కటే ఇచ్చి వదిలేయడం కుదరదు. ఆ మాస్క్ కూడా నీ ముఖానికి సరిపోయిందో లేదో పరీక్ష చేసి ఇవ్వాలి, దాన్ని ఫిట్ టెస్ట్ అంటారు. నీకు గడ్డం ఉంటే బిగుతుగా కూర్చునే మాస్క్ ఏదీ పనిచేయదు, వెంట్రుకల సందుల్లోంచి ధూళి హాయిగా లోపలికి పోతుంది, గడ్డం తీయాలి లేదా గాలి లోపలికి కొట్టే హుడ్ లాంటిది ఇవ్వాలి. ఇక ఆ కంప్రెసర్ అలవాటు ఈ రోజే మానెయ్. కింద సద్దుమణిగిన ధూళిని మళ్లీ గాల్లోకి లేపి, అందరూ కలిసి పీల్చడం తప్ప దానివల్ల శుభ్రం అయ్యేదేమీ లేదు. ధూళి కోసం చేసిన వాక్యూమ్‌తో లాగాలి, పని బట్టలు అక్కడే విప్పాలి, షేరింగ్ రూమ్‌కి వేసుకెళ్లి నలుగురి బట్టలతో కలిపి వాషింగ్ మెషిన్‌లో వేయకు.

గాల్లో సిలికా ధూళి హద్దు ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకి 0.05 మిల్లీగ్రాములు. మీ షాపులో ఎప్పుడు కొలిచారు, ఎంత వచ్చింది అని అడిగే హక్కు నీకుంది. ఊపిరితిత్తుల పరీక్షల ఖర్చు యజమాని భరించాలి, రిపోర్టు కాపీ నీకు రావాలి. స్టూడెంట్ వీసా అయినా, వారానికి ఒక్కరోజే చేసినా, పని భద్రత చట్టం నీకూ అంతే వర్తిస్తుంది, పనివల్ల జబ్బు వస్తే పరిహారం అడిగే హక్కు కూడా. వర్క్‌సేఫ్ విక్టోరియాకి పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయవచ్చు. సిడ్నీలో ఉన్నవాళ్లకైతే సేఫ్‌వర్క్ ఎన్‌ఎస్‌డబ్ల్యూ.

ఇవన్నీ తేలేదాకా ఆ గ్రైండర్ పట్టుకోకు. వేరే పని దొరుకుతుంది, గోడౌన్‌లో బాక్సులు మోసినా ఇంతకంటే నయమే. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, డాక్టర్‌కి మాత్రం చెప్పి తీరాలి.

ప్రశ్న: కుళాయి మార్చుకుంటున్నాను, పాత క్వార్ట్జ్ గట్టుకి ఇంకో చిన్న కన్నం కావాలి. యూట్యూబ్ చూసి డైమండ్ బిట్ కొన్నాను. పది నిమిషాల పని. సొంతంగా చేసుకుంటే చట్టం అడ్డొస్తుందా?
— ఒక పాఠకుడు, పెర్త్

జవాబు: ఈ చట్టం వ్యాపారాలకి వర్తించేది, మీ ఇంట్లో మీరు చేసుకునేదాని మీద ఎవరూ వచ్చి కేసు పెట్టకపోవచ్చు. ధూళికి ఆ తేడా తెలియదు కదండీ. మూసి ఉన్న వంటింట్లో, ఏసీ నడుస్తుండగా, సిలికా ఎక్కువగా ఉన్న రాయికి పొడిగా కన్నం పెడితే ఆ ధూళి గంటల తరబడి గాల్లో ఉంటుంది. ఉన్న కన్నంలోనే సరిపోయే కుళాయి కొనుక్కోండి, లేదా గోడకి బిగించేది. కన్నమే కావాలంటే నీళ్లు, దుమ్ము లాగే ఏర్పాటు ఉన్నవాళ్లని పిలవండి, బిట్ వాపసు ఇచ్చేయండి.

ప్రశ్న: గట్టు పాతబడింది. మొత్తం తీయకుండా దానిమీదే పలచటి పోర్సిలెన్ అతికించేస్తాం, దుమ్మే ఉండదు అని ఒక కంపెనీవాళ్లు అంటున్నారు. మంచిదేనా?
— ఒక పాఠకురాలు, అడిలైడ్

జవాబు: పాతదాన్ని కదపకుండా కప్పేయడం ఆలోచనగా మంచిదే. అయితే మూడు చూసుకోండి. కింద ఉన్న పలకలో పగులు ఉంటే పైదానికీ పాకుతుంది. ఎత్తు పెరుగుతుంది కాబట్టి కుళాయి, కుక్‌టాప్, గోడ మీది స్ప్లాష్‌బ్యాక్, ప్లగ్ పాయింట్లు అన్నీ సర్దుబాటు అవుతాయో లేదో కొలవాలి. అన్నిటికంటే ముఖ్యం, కొత్త సింక్ పెద్దది పెడదాం అన్నారంటే కింది రాయిని కోయక తప్పదు, అప్పుడు "దుమ్మే ఉండదు" అన్న మాట పోయినట్టే. పాత సింక్, పాత కుక్‌టాప్ కొలతలే ఉంచుకుంటే సరే.

ప్రశ్న: మా బావగారికి ఇండియాలో రాళ్ల వ్యాపారం. ఇక్కడి రేటులో సగానికే క్వార్ట్జ్ స్లాబులు పంపిస్తానంటున్నాడు, వేరే సామాన్లతో కలిపి కంటైనర్‌లో వేసేస్తాడట. మనకి మనం వాడుకోడానికే కదా, కుదురుతుందా? లేదంటే ఒంగోలు దగ్గర బ్లాక్ గెలాక్సీ కూడా ఉందంటున్నాడు.
— ఒక పాఠకుడు, క్రాన్‌బోర్న్, మెల్బోర్న్

జవాబు: క్వార్ట్జ్ కుదరదు. సొంతానికైనా, అమ్మకానికైనా ఇంజినీర్డ్ స్టోన్ స్లాబులు, బెంచ్‌టాప్‌లు దేశంలోకి తేవడం నిషేధం. బోర్డర్ దగ్గర పట్టుకుంటే స్లాబులు పోవడమే కాదు, అదే కంటైనర్‌లో ఉన్న మీ సోఫా, మంచం, దేవుడి మందిరం అన్నీ ఆగిపోతాయి. ఒకవేళ ఎలాగో వచ్చినా ఇక్కడ దాన్ని కోసి బిగించే లైసెన్సున్న మనిషి దొరకడు, ఎందుకంటే అదీ నేరమే.

బ్లాక్ గెలాక్సీ మాత్రం మంచి మాట. ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి, నల్లటి నలుపులో బంగారు రంగు మెరుపులు. దాన్ని గ్రానైట్ అనే అమ్ముతారు గానీ అది గాబ్రో జాతి రాయి, మామూలు గ్రానైట్‌తో పోలిస్తే క్వార్ట్జ్ బాగా తక్కువ. సహజ రాయి కాబట్టి దిగుమతికి ఈ నిషేధం అడ్డు కాదు. పసుపు, నూనె, చింతపండు దేనికీ తలవంచదు, కాకపోతే నలుపు మీద వేలిముద్రలు, నీటి మరకలు, పిండి చుక్కలు బాగా కనిపిస్తాయి, తుడిచే ఓపిక ఉండాలి. తెప్పించే ముందు ఆ బ్యాచ్‌కి స్ఫటిక సిలికా శాతం టెస్ట్ రిపోర్టు బావగారిని అడగండి, ఇక్కడ కోసేవాళ్లకి అది చూపించాలి. ఇంకోటి, కొందరు ఫ్యాబ్రికేటర్లు బయట కొన్న స్లాబ్ ముట్టుకోరు, పగిలితే పూచీ ఎవరిదన్న గొడవ వస్తుందని. ముందు కోసే మనిషిని మాట్లాడుకుని, అతను ఒప్పుకున్న మందం, కొలతలు రాసి పంపాకే బావగారితో ఆర్డర్ వేయించండి. స్లాబులకి చెక్క ఫ్రేములు వాడితే ఆ చెక్కకి క్వారంటైన్ వాళ్లు అడిగే ట్రీట్‌మెంట్ ముద్ర ఉండేలా చూడమనండి, రాయి పాసయి చెక్క దగ్గర ఇరుక్కుంటే పోర్టులో రోజువారీ అద్దె మీకే పడుతుంది.